శారద అప్పజెప్పిన జర్మన్ పాఠం

హాంబర్గ్, మంగళవారం. రెండో లాక్‌డౌన్.

వీసా ఆఫీసు ఆవిడ పొద్దున ఫోన్లో మర్యాదగానే చెప్పింది. నా వికలాంగ పెన్షన్ నా ఒక్కడికే సరిపోతుందట, భార్యను తెచ్చుకోవాలంటే ఉద్యోగం చూపించాలట. మంచం దిగాలంటేనే నాకు ఇంకో మనిషి సాయం కావాలి. ఆ మనిషి రావాలంటే ముందు నేను లేచి పనికి పోవాలన్నమాట. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. శారద మొహం కనిపించేది అందులోనే.

సాయంత్రం వరంగల్ నుంచి తనే వీడియో కాల్ చేసింది. భార్య వీసాకి పాసవ్వాల్సిన జర్మన్ పరీక్ష కరోనాతో మళ్ళీ వాయిదా పడినా చదువు ఆపలేదు. "వినుండ్రి, తప్పుంటే ఆపుండ్రి" అని జర్మన్‌లో అప్పజెప్పింది. నా పేరు శారద. నా భర్త హాంబర్గ్‌లో ఉంటాడు. నేను త్వరలో ఆయన దగ్గరికి వెళ్తున్నాను.

నేను ఆపలేదు.

"సరిగ్గనే చెప్పిన్నా?"

"ఆ చివరిది ఇంకోసారి చెప్పు" అన్నాను.