అమ్మ పోపు గరిటె

తమ్ముడు ప్రహ్లాద్‌కు,

నీ కూతురు మనస్విని రక్తంలో సీసం ఉందని నాంపల్లి దవాఖానలో చెప్పారు. అదెట్లా వచ్చిందని డాక్టరమ్మ అడిగితే తెలియదని అబద్ధమాడాను.

"మనల్ని మనమే కాపాడుకోవాలె అన్నా, పేపర్ల నీ వ్యాసాలు కాపాడ్తయా?" అంటూ తాత కాలంనాటి తూటాల అచ్చులో సీసం పోశావు. ఎవరి నుంచి కాపాడుకోవడం? పక్కింటివాళ్ల నుంచా? పోనీ, వాదించే ఓపిక లేదు. సీసం కరిగించింది మాత్రం అమ్మ పోపు గరిటెలో. కడిగి మళ్లీ వంటింట్లోనే తగిలించావు. మనవరాలి పప్పుకు అమ్మ రోజూ అందులోనే పోపు వేసింది.

నీకింకా తుపాకీ దొరకనేలేదు.

గరిటె దాచేశాను. "నా పెండ్లినాటిది, ఎవరు తీసిన్రురా?" అని అమ్మ వెతుకుతోంది. పోలీసులొస్తారని ఆబిడ్స్ లాడ్జిలో దాక్కున్నది చాలు. నేను చెప్పలేను, నువ్వే వచ్చి చెప్పు.

నీ అన్న