పంపు మీద చెయ్యి పెట్టకు

బాపూ, షెడ్డు తాళం తీయగానే గోడ మీది మెయిన్ స్విచ్ దించు. అంతవరకు పంపు మీద చెయ్యి పెట్టకు. తాళంచెవి నీ జేబులోనే వెళ్లిపోయింది, లేకపోతే నేనే దించేదాన్ని. నువ్వు మొదట అందుకునేది షెడ్డు బయట పెట్టిన నీళ్ల మగ్గే కాబట్టి చీటీ అందులో పెట్టాను.

ఇక పంపులో మగ్గుతో నీళ్లు పోయక్కర్లేదు. నిన్న నువ్వు కార్ఖానాలో ఉండగా మెకానిక్ ప్రతీక్ అన్న కొత్త మిషన్ బిగించాడు. పైపులోని గాలిని అదే లాగేసి, బావి నీళ్లు పైకి తెచ్చుకుని, పెద్ద మోటారును నడుపుతుంది.

"కరెంటు పోయి వచ్చినా దానంతటదే చాలూ అయితది పాపా. మీ బాపు ఇరుసు చేత్తోని తిప్పుతడు గదా, ఇగ గట్ల తిప్పితే చెయ్యి పోతది" అన్నాడు.

ఇప్పుడు కరెంటు లేదు. పంపు చప్పుడు చేయడం లేదని పాడైందనుకోకు. మోటారు తిరిగే ముందు అది సన్నగా బుస కొడుతుంది, అంతే. కార్ఖానాలో మరమగ్గాల మోతకు నీ చెవులు పాడయ్యాయి. ఆ బుస నీకు వినబడదు.

అమ్మతో బీడీలు అప్పగించడానికి వెళుతున్నాను. రొట్టెలు బట్టలో చుట్టి ఉన్నాయి. వచ్చి నీ చేతులు చూసేదాకా నాకు ముద్ద దిగదు.

పొద్దున నువ్వు బయలుదేరుతుంటే ఇదంతా చెప్పాను. "గట్టిగ చెప్పు బిడ్డా, గొంతుల దూది పెట్టుకున్నవా?" అని నవ్వావు. మళ్లీ చెప్పాను. తలూపి వెళ్లావు. వినబడనప్పుడు కూడా నువ్వు అలాగే తలూపుతావు.