పచ్చ అక్షరాల జవాబు

శ్రీవారికి,

మీ రంగులమ్మ నమస్కారాలు. నేను క్షేమం. గది దొరికింది. ఒక మంచం, ఒక బల్ల, ఎదురుగా పక్క మేడ గోడ. కింద ఇస్త్రీ దుకాణం ఉంది, కిటికీ తెరిస్తే ఆవిరి లోపలికొస్తుంది. ఉద్యోగం బాగుంది. తెర మీద కనిపించేదీ, దాని వెనక సర్వర్‌లో జరిగేదీ రెండూ కలిపి చేసే పని. "నువ్వు రంగులేసుకోవే, వెనక సంగతి నీ బుర్రకెక్కదు" అని, రంగులమ్మ అని పేరు పెట్టి మరీ మీరు నవ్వేవారే, అదే పని.

చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చేశానని అడిగారు. ఫోన్లో చెబితే మధ్యలో దూరి మాట మార్చేస్తారని కాగితం మీద పెడుతున్నాను. నేను మొదటిసారి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న రోజు గుర్తుందా? ఆ కంపెనీ వెబ్‌సైటు మీ ఆఫీసులోనే తయారైంది. వెనక భాగమంతా మీరే రాశారు. భోజనాల బల్ల దగ్గర నా పక్కన కూర్చుని నా తప్పులు దిద్దారు. చివర్లో నా వేలు పట్టుకుని బటన్ మీరే నొక్కించారు. "మీ దరఖాస్తు అందింది" అని పచ్చ అక్షరాలు వచ్చాయి. ఏ రంగు బాగుంటుందే అని మీరడిగితే ఆ పచ్చ ఎంచి ఇచ్చింది కూడా నేనే. పిలుపు రాలేదు. మరుసటి ఏడు అక్కడికే మళ్లీ పెట్టాను. మళ్లీ పచ్చ అక్షరాలు, మళ్లీ పిలుపు లేదు. వంటింట్లో ఏడుస్తుంటే మీరు నా తల నిమిరి, "పోనీలే, అందరికీ అన్నీ రావు" అన్నారు. అత్తయ్య ఒక్కరే, "దీని పని అంత బాగుంటుంది కదరా, వాళ్లకేం రోగం? వెళ్లి అడగవేం?" అని మీ మీద విరుచుకుపడ్డారు. మీరు ఇంకో కప్పు టీ పోయించుకున్నారు.

తర్వాత సర్వర్ పని కూడా నేర్చుకుంటానని నేను పట్టుబడితే, మహా ఉదారంగా, "బయటెందుకు, నేను రాసిందే చూసి నేర్చుకో" అని మీ పాత కోడంతా నా కంప్యూటర్లో వేశారు. అందులో ఏముందో మరిచిపోయారు పాపం. తెరలో నింపింది వెనక సర్వర్‌లో దాచే పట్టికలోకి చేరుతోందా లేదా చూసుకోవడమే ఈ పనిలో మొదటి పాఠం. అత్తయ్య పేరుతో పంపాను, చేరింది. పక్కింటావిడ పేరుతో పంపాను, చేరింది. నా ఈమెయిల్‌తో పంపాను. పచ్చ అక్షరాలు వచ్చాయి, పట్టికలో మాత్రం నేను లేను. నేనే ఏదో తప్పు చేసుంటానని ఆ పూటంతా నా పనినే తిరగేసి మరగేసి చూసుకున్నాను, అంత పిచ్చిదాన్ని. చివరికి మీరు రాసిన ముక్క కనపడింది. ఈ ఈమెయిల్ వస్తే అందిందని చెప్పు, తీసి అవతల పారెయ్. అంతే ఉంది దాని అర్థం.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారు, విన్నాను. నా వేలితోనే నొక్కించి మరీ కోస్తారని మాత్రం ఊహించలేదు.

అయినా మీకొక అవకాశం ఇస్తున్నాను. ఈ కాగితం వెనక రాసిన వెబ్ చిరునామాలో మీకోసమే ఒక పేజీ కట్టాను. ఎందుకు చేశారో అందులో రాయండి. నేను సొంతంగా కట్టిన మొదటి పని అది, దాన్ని వాడే మొదటి మనిషి మీరే కావాలి. అంతా చదివాక, తిరిగి రావాలో వద్దో చెబుతాను.

మీ
రంగులమ్మ

* * *

రంగులమ్మా,

ఆ పేరు నువ్వే సంతకం పెట్టావు కాబట్టి అలాగే పిలుస్తున్నాను. ఇన్నాళ్లూ నీ పేజీలోనే రాస్తూ వచ్చాను. ఇక ఉండబట్టక ఈ ఉత్తరం.

రోజూ రాస్తున్నాను. పంపగానే "అందింది, చదువుతున్నాను" అని పచ్చ అక్షరాలు కనపడితే ప్రాణం లేచొస్తోంది. మొదట్లో సాకులు రాశాను. నువ్వు తిట్టకపోయేసరికి సిగ్గేసి నిజం రాయడం మొదలుపెట్టాను. నువ్వు వెళ్లిపోతావన్న భయం నాకెక్కణ్నుంచి వచ్చిందో, మా నాన్న సంగతేమిటో, అమ్మకు కూడా తెలియనిది, అంతా రాశాను. అది మళ్లీ రాయమంటే నా వల్ల కాదు. కాపీ కూడా ఉంచుకోలేదు. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పేది కాదు. ఆఫీసులో కూడా చేసింది ఒప్పుకున్నాను. ఆ రోజే బయటికి పంపేశారు.

అమ్మకు చూపు బొత్తిగా ఆనడం లేదు. "నేనూ దాంతో మాట్లాడాలిరా" అంది. నోటితో చెబితే అక్షరాలయ్యేలా ఫోన్ పెట్టిచ్చాను. నన్ను బయటికి పొమ్మని తలుపేసుకుంది. చాలాసేపు మాట్లాడింది. "చదవకుండా పంపు, నా మీద ఒట్టు" అంటే కళ్లు మూసుకున్నట్టే పంపాను. "చేరిందట్రా?" అంది. పచ్చ అక్షరాలు చదివి వినిపించాను. "హమ్మయ్య, ఇంక నా గుండెల మీద బరువు లేదు" అంది. పొద్దున లేవగానే, "చదివిందా?" అని అడుగుతోంది.

తెరా సర్వరూ ఇంత చక్కగా కలుపుతావనుకోలేదు. ఒక్కనాడూ మొరాయించలేదు. నీ బుర్రకెక్కదన్న నా నోరు పడిపోను. తిట్టినా సరే, ఒక్క మాట రాయి. కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాను.

నీవాడే అనుకుంటూ,
నేను

* * *

శ్రీవారికి,

ఆ పేజీ వెనక ఏమీ లేదు.

సర్వర్ లేదు, పట్టిక లేదు. మీరు బటన్ నొక్కగానే తెరే తనంతట తాను పచ్చ అక్షరాలు చూపించి, మీరు రాసిందంతా తుడిచేస్తుంది. పైన పటారం, లోన లొటారం. రంగులమ్మకు చేతనయ్యేది రంగులే కదండీ. మీరేమో ఈ విద్యలో తలపండినవారు. బ్రౌజర్‌లో రాకపోకలు చూపించే చోటు ఒక్కసారి తెరిచి చూసుంటే, తెరలోంచి ఏదీ బయటికి పోవడం లేదని ఇట్టే పట్టేసేవారు. మీరు చూడలేదు, నమ్మారు. నేనూ అలాగే నమ్మాను. ప్రాణం లేచొస్తోందని రాశారే, అక్కడ హాయిగా నవ్వుకున్నాను కూడా. మీ నాన్నగారి సంగతి మళ్లీ రాయకండి, నాకక్కర్లేదు. ఉద్యోగం పోయిందని దిగులు పడకండి, అందరికీ అన్నీ రావు. నేను తిరిగి రాను. ఆ సంగతి ఈ గదిలో పెట్టె దించిన రోజే తేలిపోయింది.

అత్తయ్య ముక్క వచ్చేదాకా మీ ఉత్తరం నవ్వుతూనే చదివాను. ఆవిడ ఆ పేజీ దగ్గరికి వస్తారని నేను అనుకోలేదు. ఉత్తరం చేత్తో పట్టుకునే, ఆ పేజీ కట్టిన కంప్యూటర్ కోసం ఆఫీసుకు పరిగెత్తాను. ఏమీ మిగలకుండా నా చేతులతో నేను కట్టినదాంట్లో, ఏమైనా మిగిలిందేమోనని వెర్రిదానిలా వెతికాను. ఒక్క అక్షరం లేదు. ఆ ఇంట్లో నా తరఫున నోరు విప్పిన మనిషి ఆవిడొక్కరే. ఏం చెప్పుకున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మళ్లీ చెప్పమని అడగాలంటే నేను చేసింది ఆవిడకు చెప్పాలి. నాకంత ధైర్యం లేదు.

రేపు పొద్దున అత్తయ్య అడిగితే, చదివింది, చదివి ఏడ్చింది అని చెప్పండి. అలా చెప్పడం మీకు అలవాటే.

రంగులమ్మ