కుడి మూలన మూడున్నర వేళ్లు

8 మార్చి 1983, భూపాలపల్లి

నా భార్య సరోజన పోయి నలభై రోజులు. సర్వే ఆఫీసులో డ్యూటీకి వచ్చాను.

10 మార్చి

మ్యాపుల ప్రింట్లన్నీ నీలంగా, మసగ్గా వచ్చాయి. హెల్పర్ జమాల్ అద్దం ఫ్రేమ్‌ను ఎండలో పెట్టి గబగబా లెక్కపెడుతున్నాడు. గడియారం చూడమన్నాను. సరోజనక్క ఉన్నప్పుడు మీరెన్నడన్న గడియారం చూసిండ్రా సార్ అన్నాడు.

చూడలేదు. మా క్వార్టర్ ప్రింట్ షెడ్డు పక్కనే. ఫ్రేమ్ క్లిప్ ఒకటి విరిగి ఉండేది. సరోజన వచ్చి కింది కుడి మూలన అద్దాన్ని చేత్తో నొక్కిపట్టి, తొంభై దాకా నిదానంగా లెక్కపెట్టేది.

ఈ కెమిస్ట్రీ నేను కాలేజీలో చదువుకున్నదే. కాగితం మీది డయాజో మందు పూతకు ఎండ తగిలితే అందులోని నైట్రోజన్ వెళ్లిపోతుంది. ఆ తర్వాత అమ్మోనియా ఆవిరి పట్టినా అక్కడ రంగు రాదు, తెల్లగా మిగులుతుంది. నీడ పడ్డచోటే నీలం. మ్యాపు గీతలు నీలం. మూలన ఆమె వేళ్లు నీలం. మూడు వేళ్లు, సగం చిటికెన వేలు. తక్కిన సగం చిన్నప్పుడే వాళ్ల ఊరు కొడకండ్లలో కొడవలికి పోయింది.

వేళ్లు కనిపిస్తే ఆఫీసర్ ఒప్పుకోడు. ప్రతి షీటుకూ ఆ మూల కత్తిరించి పారేసేవాణ్ణి.

11 మార్చి

పాత షీట్లన్నీ తీసి చూశాను. ఆరేళ్లవి. ఒక్కదానికీ ఆ మూల లేదు. మేము ఫొటో కూడా దిగలేదు.

14 మార్చి

ఫ్రేమ్‌కు కొత్త క్లిప్ వేయించాను.

17 మార్చి, మధ్యాహ్నం

ప్రింట్ మూలన నీలి మచ్చ. చెయ్యి పెట్టావని జమాల్ మీద అరిచాను. అల్లా కసం సార్, నేను బీడీకి అటు పోయిన, గా అద్దం ముట్టలే అన్నాడు. షీటు మూలన వేళ్ల గుర్తులు చూశాడు. తన చెయ్యి చాపి, నావి అయిదు వేళ్లు మంచిగనే ఉన్నయి గద సార్ అన్నాడు. మెల్లగా, గిది మాత్రం కొయ్యకుండ్రి అన్నాడు.

కొయ్యలేదు.

22 మార్చి

గోడకు అంటించిన ఆ షీటు వెలిసిపోతోంది. ట్రంకులో పెట్టాను. చూడాలంటే బయటికి తీయాలి. తీస్తే వెలిసిపోతుంది.

24 మార్చి

హైదరాబాదు నుంచి మెషిన్ వస్తోంది. లోపలే లైటు ఉంటుందట. పాత ఫ్రేమ్ ఎల్లుండి సాయంత్రం తీసుకుపోతారు. ఇన్నేండ్లు ఎండల మాడినం, ఇగ నీడపట్టున కూసోవచ్చు సార్ అని జమాల్ నవ్వబోయి ఆగాడు.

25 మార్చి

రేపు మ్యాపు పెట్టను. ఖాళీ కాగితం. మూలకు పక్కగా అద్దం మీద నా చెయ్యి పెడతాను. ఒక్క షీటు మీదైనా ఇద్దరం ఉంటాం.

26 మార్చి, పన్నెండున్నర

తొంభై లెక్కపెట్టాను. అద్దం కాలుతున్నా చెయ్యి తీయలేదు.

అమ్మోనియా పట్టాక మూలన మూడున్నర వేళ్లు వచ్చాయి, స్పష్టంగా.

నా చెయ్యి పెట్టిన చోట కాగితం ఎండ తగిలినట్టే తెల్లగా ఉంది.