నా ముక్కే మీటర్

జూన్ 3
ఫిల్టర్ గాలిని కొలిచే మీటర్ రిపేరుకు వెళ్లింది. అది తిరిగొచ్చేదాకా నీ ముక్కే మీటర్ అన్నాడు సూపర్‌వైజర్. భలే గర్వంగా అనిపించింది. ప్రెస్సులో ఇంకు ఆరేటప్పుడు లేచే సాల్వెంట్ ఆవిరంతా పైపులోంచి నా ఫిల్టర్ పెట్టెలోకి వస్తుంది. పెట్టె నిండా తడి చెక్కపేళ్లు, కంపోస్టు. వాటిలోని సూక్ష్మజీవులు ఆవిరిని తినేసి మంచి గాలి వదులుతాయి. వాటికి నీళ్లు పట్టడం, అవుట్‌లెట్ దగ్గర వాసన చూడడం నా పని. చూశాను. ఏమీ లేదు. ఓకే అని చెప్పాను.

జూన్ 9
ప్రెస్సు గోడ వెనకే మా పెద్దమ్మ ఇల్లు. కిటికీ తీస్తే పెయింటు డబ్బాలో తల పెట్టినట్టుందట. తలనొప్పట. వెళ్లి చూశాను. ఏ వాసనా లేదు. అంతా నీ అనుమానం, కిటికీ తీసుకుని హాయిగా పడుకో అన్నాను. నువ్వు చెప్తే సరేనే అంది.

జూన్ 12
పెద్దమ్మ ఆఫీసుకొచ్చి ఫిర్యాదు చేసింది. ఆవిడకు గోరంతను కొండంత చేయడం అలవాటు సార్ అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 13
ఓకే.

జూన్ 15, ఉదయం
పాలు మాడిపోయాయి. స్టవ్‌వైపు వీపు తిప్పి అక్కడే కూర్చుని ఉన్నాను. మా ఆయన టవల్‌తో పరుగెత్తుకొచ్చాడు. ఇల్లంతా కంపు కొడుతుంటే ముక్కుకు తాళం వేశావా అని అరిచాడు.
సబ్బు వాసన చూశాను. కాఫీ పొడి. నెయిల్ పాలిష్ రిమూవర్. ఏదీ తెలియడం లేదు. కిందటి నెల జ్వరం తర్వాత కూరలన్నీ చప్పగా ఉన్నాయని ఆయన వంటకు వంక పెట్టాను కదా. అప్పటినుంచేనేమో.

జూన్ 15, మధ్యాహ్నం
పెట్టె మూత తీసి చేయి పెట్టాను. పైన తడి, మోచేతి లోతున పొడి. నీళ్లు చల్లే నాజిల్ ఒకటి మూసుకుపోయింది. ఆ మూలంతా ఎండి పగుళ్లిచ్చింది. ఆవిరి ఆ సందుల్లోంచి నేరుగా పెద్దమ్మ కిటికీకి పోయింది. ముందే చేయి పెట్టి చూస్తే నా సొమ్మేం పోయేది? ముక్కును చూసుకుని మురిసిపోయాను. తల ఎత్తుకోలేకపోతున్నాను.

జూన్ 16
నవ్విన వాళ్లందరి ముందే చెప్పాను, ముక్కు సంగతితో సహా. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రెస్సు ఆపారు. సూక్ష్మజీవులు కోలుకోవడానికి వారాలు పడుతుందట. నన్ను ఉంచుతారో పంపుతారో తెలియదు.
పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. మంచం వంటింట్లోకి మార్చుకుంది. కిటికీ మాత్రం బార్లా తీసే ఉంది. నువ్వే తీసి పడుకోమన్నావుగా అంది. నాజిల్ పాడైందని చెప్పాను. ముక్కు మాట నోట రాలేదు.

జూన్ 17
పెద్దమ్మ భోజనానికి పిలిచింది. స్టవ్ మీద గిన్నె, దాని మీద మూత. కూర వాసన ఎలా ఉందే అని అడిగింది. అదిరిపోయింది పెద్దమ్మా అన్నాను.
ఇంకా స్టవ్ వెలిగించనే లేదు అంది.