ముందు ఎడమ సీటు

శుక్రవారం రాత్రి

సంత నుంచి కొండెక్కుతుంటే గోతిలో పడి, జీపు ముందు ఎడమ చక్రం లోపలికి మడుచుకుపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ ఊడింది. లోయకు రెండడుగుల దూరంలో ఆగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ చక్రం దగ్గర వారం నుంచీ టకటక చప్పుడు వస్తూనే ఉంది. టూరిస్టుల సీజన్లో బండి ఆపలేక, మెకానిక్‌కి చూపించలేదు. ఆ పక్క బరువు పడకూడదని పెద్దవాళ్లను వెనక్కి పంపి, రోజూ నా జీపులోనే బడికి వెళ్లొచ్చే అక్క కూతురిని ముందు సీట్లో కూర్చోబెడుతున్నాను; ఇవాళా అక్కడే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, తేలిగ్గా ఉంటుందని. ఏం తెలివి నాది!

పిల్లను ఇంటికి చేర్చాక అక్క కళ్లు తుడుచుకుంటూ అంది: "రోజూ ముందు సీటు మా గుంటకే ఇత్తన్నావు. అదంటే నీకెంత పేనంరా తమ్ముడూ!"

అవునన్నాను.