మూడుసార్లు పిలిచిన పేరు

గోదావరిఖని

పునరావాస విచారణాధికారి గారికి,

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ విచారణలో నా చెల్లెలు యమునను గైర్హాజరు చూపి, ఇంటి స్థలం జాబితా నుండి తొలగించుట గురించి.

1. బొగ్గు గని విస్తరణలో మా ఊరు పోతున్నందున, ఒంటరి మహిళగా యమునకు స్థలం రావలసి ఉన్నది. ఆమెకు పుట్టుకతో వినికిడి లేదు.

2. విచారణను వీడియోలో ప్రసారం చేస్తూ, ఒక్కొక్క పేరు మూడుసార్లు పిలిచి, పలకనివారికి గైర్హాజరు వేసినారు. తెర మీద పేరు రాలేదు, మాటలు అక్షరాలుగా రాలేదు. మాటలను సైగలతో చెప్పే ఆమె తెర మీద ఒక మూలన ఉన్నది గాని, ఆమె చేతుల మీదుగా అధికారుల పేర్లు, హోదాలు బారులు తీరి పారినవి. యమున ఆధార్ కార్డు పట్టుకొని మూడు గంటలు ఆ ముఖమే చూసింది.

3. నోటీసులో 'సైగల భాష సౌకర్యం కలదు' అన్నారు. నమ్మి నేను కాలేజీకి పాఠం చెప్పడానికి పోయాను. తప్పు నాదేనా అన్నది ఇంకా తేలలేదు.

4. మరునాడు తమ గుమాస్తా భూపాల్‌ను అడిగితిని.

"మూడుసార్లు పిలిచినం గదక్కా, పలకలె."

"ఆమెకు వినపడదు తమ్మీ."

"గది ముందుగాల చెప్పాలె గదా."

"నెల కింద రాసిచ్చినం."

అతను కంప్యూటర్‌లో వెతికి, "ఆ, ఉన్నది. జవాబు చెప్పనీకి ఆమెకు ఫోన్ చేసినం. ఎత్తలె. అర్జీ ముగించినం" అన్నాడు.



5. మా నాయన ఎల్లేశం బొగ్గు బాయిల డ్రిల్లు మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. మస్టర్‌లో పేరు పిలిస్తే పక్కవారు భుజం తట్టేవారు, ఆయన చెయ్యెత్తేవాడు. మస్టర్ బాబు తలెత్తి చూసి హాజరు వేసేవాడు. తాము పిలుపును తెచ్చుకున్నారు, తలెత్తడం అక్కడే వదిలినారు.

కావున యమున పేరు జాబితాలో తిరిగి చేర్చి, పిలిచే పేరూ చెప్పే మాటా తెర మీద అక్షరాలతో, సైగలు చేసే చేతులు కనబడేటట్లు మళ్ళీ విచారణ జరుపగలందులకు, ఈసారి తలెత్తి చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఆనవాయితీ కనుక రాసితిని),
రమ

తా.క.: ఈ అర్జీకి యమున నంబరే ఇచ్చాను. మెసేజ్ పంపితే నాకంటే జల్ది జవాబిస్తుంది. దయచేసి ఫోన్ చేసి, మూడుసార్లు మోగించి, దీన్ని కూడా ముగించకండి.